ఉన్న ఇల్లు మాకు చాలనిపిస్తోంది. పెళ్లి పేరు చెప్పి 8 లక్షలు పెట్టాలా?

బలగ డాబా · శ్రీకాకుళం

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది బలగలో నాన్నగారు 1994లో కట్టించిన డాబా. హాలు, రెండు గదులు, వంటిల్లు, ముందు వసారా, వెనక నుయ్యి, రెండు కొబ్బరి చెట్లు. గచ్చంతా ఎర్ర ఆక్సైడ్. ముప్పై ఏళ్లుగా తిరిగిన చోటల్లా నున్నబడి మెరుస్తుంది. మే నెలలో భోజనం చేసి, చాప కూడా లేకుండా ఆ గచ్చు మీద నడుం వాలుస్తాను. అంత హాయి నాకు ఇంకెక్కడా దొరకలేదు.

వచ్చే మాఘంలో మా అమ్మాయి పెళ్లి. పెళ్లి కల్యాణ మండపంలోనే. అయినా మా బావమరిది ఒక ఇంటీరియర్ అతన్ని వెంటబెట్టుకొచ్చాడు. గచ్చు మీద విట్రిఫైడ్ టైల్స్, హాల్లో ఫాల్స్ సీలింగ్, మాడ్యులర్ కిచెన్, టీవీ యూనిట్, ముందు ఎలివేషన్, అన్నీ కలిపి 8 లక్షలు అన్నాడు. మా దగ్గర 3 లక్షలు ఉన్నాయి. మిగతా 5 లక్షలు పర్సనల్ లోన్ తీసుకోమని సలహా. "వియ్యాలవారు వచ్చేసరికి ఇల్లు ఇలా ఉంటే తలవంపులు బావా" అంటున్నాడు.

నాకు ఈ ఇల్లు తక్కువగా ఎప్పుడూ అనిపించలేదు. కానీ పదిమంది అంటుంటే, నేను పిసినారితనానికి తృప్తి అని పేరు పెట్టుకుంటున్నానేమో అని రాత్రిళ్లు టెన్షన్‌గా ఉంటోంది. మీ అనుభవాలు చెప్పండి.

మూడు లాంతర్లు · విజయనగరం

అన్నా, మాది మూడు లాంతర్ల కూడలికి దగ్గర్లోనే పాత పెంకుటిల్లు. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అంటే మా ఇంటికి చుట్టాలు ముప్పై మందికి తక్కువ రారు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. నడవాలో ఒక వరస, సావిట్లో ఒక వరస, అరుగు మీద మగవాళ్లు. సిరిమాను, అంటే పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, కోట దాకా మూడుసార్లు వెళ్లి వచ్చేదాకా అందరూ వీధిలోనే ఉంటారు. ఇంటికి చేరాక పులిహోర, గారెలు, అర్ధరాత్రి దాకా కబుర్లు.

ఆరేళ్ల కిందట మా పెదనాన్న కొడుకు తన ఇంటి హాలు మొత్తం మార్చాడు. తెల్లటి టైల్స్, తెల్లటి సోఫా. ఆ ఏడాది చుట్టాలు అక్కడ పది నిమిషాలు కూర్చుని మా ఇంటికి వచ్చేశారు. పసుపు కాళ్లతో ఆ టైల్స్ మీద నడవడానికి ఆడవాళ్లకు భయం, పిల్లలు సోఫా ఎక్కితే ఆ ఇంటివాళ్లకు భయం. అన్నయ్య చాలా మంచివాడు, ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఇల్లే ఆ మాట అంది.

లెక్కల మాస్టారు · రాజాం

బాబూ, ఆ 5 లక్షల సంగతి ఒకసారి కాగితం మీద పెట్టి చూడు.

12 శాతం వడ్డీకి 5 ఏళ్ల లోన్ అయితే నెలకు కట్టాల్సింది 11,122 రూపాయలు. 60 నెలలకు మొత్తం 6,67,333. అంటే వడ్డీయే 1 లక్షా 67 వేలు దాటింది. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. అదే నెలకు 11 వేల చొప్పున పోస్టాఫీసు ఆర్‌డీలో 6.7 శాతం మీద వేస్తే, నువ్వు కట్టేది 6 లక్షల 60 వేలు, ఐదేళ్లకు చేతికొచ్చేది సుమారు 7 లక్షల 85 వేలు. నెలకు కట్టే డబ్బు దాదాపు అంతే. ఒక దారిలో ఐదేళ్ల తర్వాత పాతబడిన ఫాల్స్ సీలింగ్ మిగులుతుంది, ఇంకో దారిలో చేతిలో డబ్బుంటుంది.

ఇంటి మరమ్మతు అప్పుకి ఇన్‌కంటాక్స్ తగ్గుతుందని కూడా కొందరు ఆశ పెడతారు. మనం ఉంటున్న ఇంటికైతే, పాత పన్ను విధానంలో, మరమ్మతు అప్పు వడ్డీ మీద ఏడాదికి 30 వేల వరకే మినహాయింపు. కొత్త విధానంలో అదీ లేదు. ఆ మాట విని అప్పు చేయకు.

అమ్మాయి పెళ్లయిన మొదటి ఏడాది పండగలు, సారె, రాకపోకలు అన్నీ ఉంటాయి. ఆ నెలల్లో 11 వేలు ఎంత బరువో నేను ఇద్దరు ఆడపిల్లల తండ్రిగా చెబుతున్నాను.

ఉద్దానం జీడి · మందస

నేను రాసేది వేరే సంగతి. కానీ ఇది మీకు పనికొస్తుంది.

2017లో మా ఇంటి ముందు భాగం మార్చాం. గ్రానైట్ మెట్లు, నీలం అద్దాలు, స్టీలు రెయిలింగ్. 4 లక్షలు అయింది. ఇంట్లో దాచిందంతా అదే. కొబ్బరి తోట ఉంది, జీడి ఉంది, మళ్లీ సంపాదించుకుంటాం అనుకున్నాం. మరుసటి ఏడాది అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చింది. పొద్దున్న తలుపు తీసేసరికి తోట లేదు. నాన్న చేత్తో పాతిన కొబ్బరి చెట్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. జీడి వేళ్లతో సహా లేచిపోయింది.

కరెంటు లేదు, బోరు నీళ్లు లేవు. పడిన మానులు కోయించి బయట పడేయడానికే వేలకు వేలు కూలి. నాటు కొబ్బరి మళ్లీ కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. అప్పటిదాకా తినడానికి, మొక్కలు కొనడానికి డబ్బు కావాలి. మా డబ్బంతా ఇంటి ముందు గోడకి అంటుకుని ఉంది. నీలం అద్దాలు ఆ రాత్రే పగిలిపోయాయి. గ్రానైట్ మెట్లు మాత్రం చెక్కు చెదరలేదు. మా అమ్మ వాటి మీదే కూర్చుని ఏడ్చింది. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి మొక్కలు వేశాం.

ఇల్లు బాగుండకూడదని నేను అనను. మన సముద్రం పక్కన ఉన్నవాళ్లకి చేతిలో నాలుగు డబ్బులు ఉండటమే ఇంటికి మొదటి అందం. హుద్‌హుద్, తిత్లీ, గులాబ్, ఏడేళ్లలో ఎన్ని చూశాం!

బలగ డాబా

ఉద్దానం తమ్ముడూ, చదువుతుంటే గొంతు పట్టేసింది. ఇప్పుడు తోట ఎలా ఉంది?

ఉద్దానం జీడి

జీడి కాపు మొదలైంది అన్నా. కొబ్బరి కొన్ని గెలలు వేస్తోంది.

సైటు మనిషి · విజయనగరం

పాతికేళ్లుగా ఇళ్ల పనులు చేయిస్తున్నాను. ఒక సంగతి విడదీసి చూడండి. మరమ్మతు వేరు, అలంకారం వేరు. మరమ్మతు మానేసి "మాకు ఉన్నది చాలు" అనుకోవడం మంచిది కాదు. 1994 ఇల్లు కాబట్టి నేనైతే ముందు చూసేవి ఇవీ.

డాబా ఎక్కి వాన నీళ్లు పోయే గొట్టాల దగ్గర, పిట్టగోడ మొదట్లో పగుళ్లు చూడండి. కింద సీలింగ్ పెచ్చులు ఊడుతోందా? నీళ్లు దిగి లోపల ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును బయటికి నెడుతుంది. మన తీరం గాలికి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. ఆ పెచ్చుల కింద ఫాల్స్ సీలింగ్ కొట్టారంటే జబ్బు మీద దుప్పటి కప్పినట్టే. మరక బయటికి కనిపించేసరికి లోపల చాలా నష్టం జరిగిపోతుంది. నేను స్వయంగా రెండు ఇళ్లలో విప్పించి చూశాను.

తర్వాత కరెంటు. ఆ రోజుల వైరింగ్ మీద ఇప్పుడు ఫ్రిజ్, గీజర్, మిక్సీ, ఏసీ అన్నీ ఆడిస్తున్నాం. ఎర్తింగ్ చూపించండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించండి. షాక్ కొడితే క్షణంలో సగం కూడా పట్టకుండా కరెంటు ఆపేస్తుంది. దీన్ని చుట్టాలెవరూ చూడరు, మెచ్చుకోరు. కానీ పిల్లలున్న ఇంటికి ఇంతకు మించిన వస్తువు లేదు.

ఇక ఆ గచ్చు. దయచేసి దాని మీద టైల్స్ వేయకండి. సిమెంటు, టైలు కలిపి అంగుళానికి పైనే ఎత్తు పెరుగుతుంది. తలుపులన్నీ కింద కోయాలి, గుమ్మాలు పొట్టివైపోతాయి, వసారాకీ హాలుకీ మధ్య కొత్త మెట్టు వస్తుంది. పెద్దవాళ్లు తట్టుకుని పడేది అలాంటి చోటే. నునుపు టైల్స్ తడిస్తే మరీ ప్రమాదం. ఎర్ర గచ్చు ఈ రోజు అంత నున్నగా వేసే తాపీ మేస్త్రీలు మా దగ్గర ఇద్దరే మిగిలారు, వాళ్లూ పెద్దవాళ్లయిపోయారు. డబ్బిచ్చినా మళ్లీ రాదు.

నెల్లిమర్ల నుంచి

సైటు మనిషి గారి మాటకి దండం. మా ఇంట్లో టైల్స్ వేసిన ఆర్నెల్లకే నాన్నమ్మ జారి తుంటి విరిగింది.

కొత్త గచ్చు · బొబ్బిలి

నేను కొంచెం వేరేగా మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు. మేం రెండేళ్ల కిందట 6 లక్షలు పెట్టి ఇల్లు బాగు చేయించుకున్నాం. ఒక్క రూపాయికీ బాధ లేదు. మా మరుగుదొడ్డి పెరట్లో చివర ఉండేది. అమ్మకు 74 ఏళ్లు, మోకాళ్లు వంగవు. వానాకాలం రాత్రి టార్చిలైటు పట్టుకుని గోడ ఆసరాతో వెళ్లేది. ఏళ్ల తరబడి "మన ఇల్లు మనకు చాలు" అని నేనే అంటూ వచ్చాను. ఒక రాత్రి ఆవిడ బురదలో కూర్చుండిపోయింది. అప్పుడు గది పక్కనే కట్టించాం. వెస్ట్రన్ కమోడ్, గోడకి పట్టుకునే కడ్డీ, జారని టైల్స్. ఇప్పుడు అమ్మ రాత్రి నన్ను లేపకుండా తనే వెళ్లొస్తుంది. ఆ పనితో పాటు హాలుకి రంగు, మంచి కిటికీలు కూడా పెట్టించాం. ఇష్టపడి చేయించుకున్నాం. అందులో తప్పేమీ లేదు కదా.

బలగ డాబా

తప్పెందుకవుతుంది అండీ? అమ్మగారి సంగతి రాసి మంచి పని చేశారు.

పెరటి గుమ్మం · విజయనగరం

ఇంతసేపూ మగవాళ్లే రాస్తున్నట్టున్నారు. బలగ అన్నయ్య గారూ, మిమ్మల్ని ఒకటి అడుగుతాను. గచ్చు మీద నడుం వాల్చే హాయి రాశారు. వదిన గారు ఆ సమయంలో ఎక్కడ ఉంటారు?

మా నాన్నగారు చాలా నెమ్మదస్తులు. ఎవరి ఆస్తి చూసీ ఆశపడలేదు. "మనకిది చాలు" అనేవారు. ఆ "మనకి"లో అమ్మ లేదు. మా వంటింట్లో గట్టు 28 అంగుళాల ఎత్తు. కింద కూర్చుని వండే రోజులు పోయి కొత్తగా గట్టు కట్టినప్పుడు మేస్త్రీకి తోచినంత పెట్టేశాడు. అమ్మ పొడగరి. రోజుకి ఐదారు గంటలు వంగి నిలబడేది. నీళ్ల కుళాయి పెరట్లోనే ఉండిపోయింది. బిందెలు, బకెట్లు నలభై అడుగులు మోసి తెచ్చుకునేది. వంటింటి కిటికీ చిన్నది, పోపు వేస్తే ఇల్లంతా దగ్గు. ఇరవై ఏళ్ల తర్వాత నడుముకి ఆపరేషన్ చేయించాం. కుళాయి గొట్టం లోపలికి లాగడానికి, గట్టు ఎత్తు చేయడానికి ఎంతయ్యేది? ఆ రోజుల్లో రెండు వేలు కూడా అయ్యేది కాదు. నాన్నగారు పిసినారి కాదు. ఆయనకు తెలియలేదు, అంతే. అమ్మ చెప్పలేదు. ఆయన అడగలేదు.

ఫాల్స్ సీలింగ్ నాకూ అక్కర్లేదు. మాడ్యులర్ కిచెన్ అని అమ్మేవాటిలో సగం తలుపుల రంగే, ఆ చెక్క తడి తగిలితే ఉబ్బిపోతుంది. కానీ ఇల్లు చాలో చాలదో తేల్చేది ఆ ఇంట్లో ఎక్కువ పని చేసే మనిషి కావాలి. మీరు ఒకసారి వదిన గారిని అడగండి. "ఏం కావాలి" అని అడిగితే "ఏమీ వద్దు" అంటారు, మాకు అలవాటైపోయింది. "పని చేసేటప్పుడు ఎక్కడ నొప్పి పుడుతోంది" అని అడగండి.

మూడు లాంతర్లు

అక్కా, నేను ఇప్పుడే లేచి వెళ్లి మా వంటింటి గట్టు కొలిచాను. 29 అంగుళాలు.

సైటు మనిషి

పెరటి గుమ్మం అమ్మా, మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. వండే మనిషి చెప్పుల్లేకుండా నిలబడి మోచెయ్యి మడిస్తే, మోచేతికి నాలుగు నుంచి ఆరు అంగుళాల కింద గట్టు ఉండాలి. ఈ కొలత తీసుకోకుండా కట్టిన వంటిళ్లే ఎక్కువ. నేనూ కట్టాను.

పొందూరు పత్తి · పొందూరు

మాది ఖాదీ వడికే ఇల్లు. మా అమ్మమ్మ ఇప్పటికీ వసారాలో కూర్చుని వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతుంది. ఆ పనికి వెలుతురు కావాలి, గాలి జోరుగా ఉండకూడదు. పొద్దున్న ఎనిమిది నుంచి పదకొండు దాకా ఆ వసారాలో పడే వెలుతురే ఆమెకు సరిపోతుంది.

మా మావయ్య ఆ వసారాకి అల్యూమినియం స్లైడింగ్ అద్దాలు పెట్టి గది చేద్దామన్నాడు. "ఒక గది కలిసొస్తుంది కదా" అని అందరమూ సరే అన్నాం. కొలతలు కూడా తీసుకున్నారు. అమ్మమ్మ ఏమీ అనలేదు. ఆ మధ్యాహ్నం తన పీట, దువ్వెన, పత్తి బుట్ట అన్నీ సర్ది మంచం కింద పెట్టేసింది. అది చూసి మా అమ్మ పని ఆపించేసింది. మాకు ఒక గది తక్కువే. ఆ వసారాలోనే పక్కింటి వాళ్లు వచ్చి కూర్చుంటారు, కూరగాయలావిడ బుట్ట దించుకుంటుంది, పిల్లలు హోంవర్కు చేసుకుంటారు.

ఊరికి దూరం · ముంబయి, సొంతూరు సోంపేట దగ్గర

మా ఊళ్లో ఎవరు బయటికి వెళ్లి సంపాదించినా ముందు ఇల్లే కడతారు. నేనూ కట్టాను. రెండంతస్తులు, పైన బాల్కనీ, ముందు పెద్ద గేటు. ఏడాదిలో పదిహేను రోజులు ఉంటాం. మిగతా రోజులు తాళం. అమ్మ పక్కన ఉన్న పాత పెంకుటింట్లోనే ఉంటుంది. "ఆ ఇంట్లో గొంతు మోగుతోందిరా" అంటుంది. పెట్టిన డబ్బుకి నాకు బాధ లేదు, ఆ డబ్బు సంపాదించడానికి ఊరికి దూరంగా ఉన్న సంవత్సరాలకు బాధ. బలగ అన్నా, మీరు రోజూ ఆ గచ్చు మీద పడుకోగలుగుతున్నారు, అది చిన్న సంగతి కాదు.

బలగ డాబా

రెండు రోజులు ఏమీ రాయలేదు, క్షమించండి. పెరటి గుమ్మం చెల్లెమ్మ అడిగిన ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. ఇరవై ఏడేళ్ల కాపురంలో నేను ఆ మాట మా ఆవిడని అడగలేదు.

నిన్న సాయంత్రం అడిగాను. చెల్లెమ్మ అన్నట్టే ముందు "ఏటీ వద్దు, బాగానే ఉంది" అంది. ఎక్కడ నొప్పి పుడుతోందని అడిగితే కాసేపు నా మొహం చూసి, వంటింట్లోకి తీసుకెళ్లింది. గట్టు తక్కువ ఎత్తు. సింకు కింద గొట్టం కారుతుంటే మూడేళ్లుగా గిన్నె పెట్టి, నిండినప్పుడల్లా పారబోస్తోంది. ఆ గిన్నె నేను ఎన్నోసార్లు చూశాను. అది అక్కడ ఎందుకుందో ఒక్కసారీ అనుకోలేదు. తర్వాత వేడి. మధ్యాహ్నం వంటింటి స్లాబు కాగి సాయంత్రం వంట చేసేటప్పుడు నెత్తిన నిప్పులు పోసినట్టు ఉంటుందట. నేను పడుకునే హాలుకి కొబ్బరి చెట్ల నీడ ఉంది, వంటింటికి లేదు. నా గచ్చు చల్లదనం గురించి ఇన్ని వాక్యాలు రాశాను, అదే ఇంట్లో అంత వేడి ఉందని నాకు తెలియలేదు.

టైల్స్, సీలింగ్ సంగతి అడిగితే "అవి తుడవాల్సింది నేనే కదా, వద్దు" అంది. మా అమ్మాయి కూడా "నాన్నా, లోన్ తీసుకుంటే నేను అత్తారింట్లో ఉండి ప్రతి నెలా ఆ ఈఎంఐ గురించే ఆలోచిస్తాను" అంది.

స్లాబు వేడికి ఏం చేయాలో ఎవరైనా చెప్పండి. ఏసీ పెట్టే వంటిల్లు కాదు.

సైటు మనిషి

సున్నం వేయండి. పాత పద్ధతే, ఇప్పుడు కూల్ రూఫ్ అంటున్నారు. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీని కోసం ఒక పాలసీయే తెచ్చింది. తెల్లటి పైకప్పు ఎండను వెనక్కి కొడుతుంది కాబట్టి స్లాబు తక్కువ కాగుతుంది, రాత్రి లోపలికి వదిలే వేడీ తగ్గుతుంది.

పగుళ్లు ముందే పూడ్చండి. రాయి సున్నం ముందు రోజు సాయంత్రం ఇనప డ్రమ్ములో నీళ్లలో వేయండి. బుడబుడ మరుగుతుంది, ప్లాస్టిక్ బకెట్ వద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు, కళ్లకి అద్దాలు పెట్టుకోండి. మర్నాడు గోనెగుడ్డలో వడకట్టి, పట్టు కోసం జిగురు కలపండి. డాబా కడిగి, తడి మీదే సాయంత్రం పూట చీపురు బ్రష్షుతో ఒక కోటింగ్, ఆరాక అడ్డంగా ఇంకోటి. వానలకి కొంత పోతుంది, ఏటా ఫిబ్రవరి చివర్లో మళ్లీ వేసుకోవాలి. తొలి వానల నీళ్లు నూతిలోకి పోనివ్వకండి.

వంటింటి గోడకి ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా పెట్టించండి. గాలి లోపలికి రావడానికి ఎదురుగా కిటికీ తీసి ఉంచితేనే అది పనిచేస్తుంది.

లెక్కల మాస్టారు

మంచి నిర్ణయం బాబూ. ఆ 3 లక్షల్లో పెళ్లి తర్వాత కూడా కొంత కదపకుండా ఉంచు.

బలగ డాబా

పెళ్లయింది. మీ అందరికీ చెప్పాలని వచ్చాను.

గట్టు ఎత్తించాం, గొట్టం మార్పించాం, ఎగ్జాస్ట్ ఫ్యాన్, ఆర్‌సీసీబీ పెట్టించాం, వైరింగ్ కొంత మార్చాం, పిట్టగోడ పగుళ్లు పూడ్పించి డాబా మీద సున్నం వేయించాం, ఇల్లంతా వెల్లవేయించాం. మొత్తం 71 వేలు అయింది. అప్పు లేదు.

రథసప్తమికి అరసవల్లి దర్శనం కోసం వియ్యాలవారు ముందు రోజు రాత్రే మా ఇంట్లో దిగారు. పద్నాలుగు మంది. హాల్లో చాపలు పరిచాం. పెళ్లికొడుకు మేనత్త "హాలుకి టైల్స్ వేయించలేదా అన్నయ్యా?" అని అడిగింది. దాచడం ఎందుకు, గుండెల్లో కలుక్కుమంది. "ఈ గచ్చు మా నాన్నగారు వేయించారమ్మా, మాకిదే ఇష్టం" అన్నాను. ఆవిడ సరే అంది, మాట అక్కడితో ఆగింది. మా బావమరిది ఇంకా కొంచెం ముభావంగానే ఉన్నాడు. తెల్లవారుజామున మూడింటికి అందరూ లేచి నూతి దగ్గర స్నానాలు చేసి గుడికి బయల్దేరారు.

మా ఆవిడ ఆ రెండు రోజులూ అంతమందికి వండింది. రాత్రి పడుకునేటప్పుడు నడుముకి మందు రాయమని అడగలేదు.

పెరటి గుమ్మం

చాలా సంతోషం అన్నయ్య గారూ. వదిన గారికి నా నమస్కారాలు చెప్పండి. గట్టుకి కొత్త రాయి వేయించారా?

బలగ డాబా

లేదమ్మా, పాత కడప బండే. మేస్త్రీ జాగ్రత్తగా దించి, కింద రెండు వరసల ఇటుక పేర్చి, మళ్లీ దాన్నే పెట్టాడు. ఇప్పుడు 34 అంగుళాలు. మా ఆవిడ చెప్పుల్లేకుండా నిలబడి మోచెయ్యి మడిచి చూపిస్తే కొలిచి కట్టాడు.